కంటి సాక్ష్యం

మా ఓపీలో దేవుడి ప్రస్తావన రాని రోజు ఉండదు. పొర తీయించుకున్న మర్నాడు కట్టు విప్పగానే కోడలి మొహం స్పష్టంగా కనపడిన పెద్దావిడ ముందు పైవాడికి దణ్ణం పెట్టి, తర్వాత నాకు పెడుతుంది. రెటీనా ఫోటో చూపించి ఇవి రక్తనాళాలు, ఇది నరం అని వివరిస్తుంటే వెంట వచ్చిన బంధువుల్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: "ఇంత చిన్న కంట్లో ఇంత ఏర్పాటా! దేవుడు లేడనేవాళ్లను తీసుకొచ్చి ఇది చూపించాలండీ."

ఆ మాట వెనక రెండు వేల ఏళ్లు దాటిన వాదం ఉంది. లోకంలో ఎటు చూసినా పొందిక కనిపిస్తోంది, పొందిక దానంతటది రాదు, కాబట్టి దాన్ని కూర్చినవాడొకడు ఉండి తీరాలి అనేది దాని సారాంశం. ఈ వాదం తరఫున యూరప్‌లో ఎక్కువసార్లు బోనెక్కిన సాక్షి కన్ను. నా బతుకంతా ఆ సాక్షితోనే గడిచింది కనుక వృత్తికి అవసరమైనదానికంటే ఎక్కువగానే ఈ తగువు చదివాను. నేను దేవుణ్ణి నమ్మేవాణ్ణి. పొద్దున్నే దీపం పెట్టకుండా ఆస్పత్రికి బయల్దేరను. అయినా కంటిని చూపించి దేవుణ్ణి రుజువు చేయబోవడం సరికాదని నా గట్టి అభిప్రాయం. దాని వల్ల కొందరికి కీడు జరుగుతుందని కూడా ఓపీలో కూర్చున్నాకే తెలుసుకున్నాను.

విలియం పేలీ అనే ఇంగ్లీషు మతగురువు 1802లో 'నేచురల్ థియాలజీ' రాశాడు. బీడులో నడుస్తుంటే కాలికి రాయి తగిలితే అది ఎప్పట్నుంచో అక్కడే ఉందని సరిపెట్టుకుంటాం. గడియారం దొరికితే మాత్రం అలా అనుకోలేం, దాని చక్రాలు, స్ప్రింగు, ముల్లు అన్నీ ఒకదానికొకటి అమరి కాలం చెబుతున్నాయి కాబట్టి ఎవరో ఆలోచించి చేసి ఉండాలంటాం. గడియారం సంగతి చాలామంది విని ఉంటారు. ఆ వెంటనే ఆయన కంటి దగ్గరకే వచ్చాడని తెలిసినవాళ్లు తక్కువ. చూపుకు సాయంగా దుర్భిణిని తయారు చేశారనడానికి ఎంత రుజువుందో, చూడటం కోసం కన్ను తయారైందనడానికీ అంతే రుజువుందని ఆయన వాదన. నీళ్లలోంచి వచ్చే వెలుతురును కూడగట్టాలంటే లెన్స్ మరింత గుండ్రంగా ఉండాలి, చేప కంట్లో సరిగ్గా అలాగే ఉంది చూడండి అని రాశాడు. డాక్టరు కాకపోయినా కంటి నిర్మాణాన్ని శ్రద్ధగా చదివినవాడు. ఆయన్ని తేలిగ్గా తీసిపారేసేవాళ్లంటే నాకు గిట్టదు. ఆయన పడ్డ ఆశ్చర్యం థియేటర్లో నేనూ పడుతుంటాను.

శుక్లం ఆపరేషన్‌లో మైక్రోస్కోప్ కింద మేము చూసేది కొంచెం చెబుతాను. కార్నియా అంచున మూడు మిల్లీమీటర్ల లోపు గాటు పెట్టి లోపలికి వెళతాం. కంటి లెన్స్ ఒక పల్చటి సంచిలో ఉంటుంది. ఆ సంచి ముందు గోడలో గుండ్రటి కిటికీ తెరవాలి. కత్తితో కోయం. సన్నటి పట్టకారుతో అంచు పట్టుకుని, చుట్టూ తిప్పుతూ చించుతాం. అందులోంచి ఫేకో సూది పెట్టి, గట్టిపడ్డ లెన్స్‌ను అల్ట్రాసౌండ్‌తో ముక్కలు చేసి పీల్చేస్తాం. ఇక మిగిలేది సంచి వెనక గోడ. దాని మందం సుమారు నాలుగు మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో రెండు వందల యాభయ్యో వంతు. అది చిరిగితే వెనకున్న విట్రియస్ జెల్ ముందుకు వచ్చేస్తుంది. కొత్త లెన్స్ జీవితాంతం నిలబడాల్సింది ఆ సంచిలోనే. చేతి కింద ఆ పొర తళుక్కుమన్నప్పుడు ఎంత చేయి తిరిగిన సర్జనైనా ఊపిరి బిగబడతాడు.

అయితే అసలు శుక్లం ఎందుకు వస్తుంది? వయసు వల్ల అని అందరం చెబుతాం. కొంచెం లోతుకు వెళితే సంగతి వేరేగా ఉంటుంది. లెన్స్ తేటగా ఉండాలంటే వెలుతురు దారిలో ఏదీ అడ్డం రాకూడదు. అందుకే దానికి రక్తనాళాలు లేవు. లెన్స్ కణాలు ఎదుగుతూ ఎదుగుతూ తమ కేంద్రకాన్ని కూడా పోగొట్టుకుంటాయి. కేంద్రకం పోయిన కణం కొత్త ప్రోటీన్ తయారు చేసుకోలేదు. అందువల్ల లెన్స్ నడిమధ్యనున్న క్రిస్టలిన్ ప్రోటీన్లు మనం తల్లి కడుపులో ఉండగా పుట్టినవి, ఎనభయ్యో ఏట కూడా అవే. ఎండ, వయసు, షుగరు వాటిని దెబ్బతీస్తుంటే మార్చుకునే దారి లేదు. అవి ముద్దకట్టడమే శుక్లం. చూపునిచ్చిన ఏర్పాటే చూపును తీసేస్తోంది. ఇంకో విశేషం. ఆల్ఫా క్రిస్టలిన్ అనేది లెన్స్ కోసమే కొత్తగా పుట్టిన పదార్థం కాదు, వేడి తగిలినప్పుడు కణాలను కాపాడే ప్రోటీన్ల కుటుంబంలోది. అందులో ఒక రకం గుండె కండరంలోనూ పనిచేస్తోంది. కొత్త నక్షా గీయించి కట్టిన ఇంట్లో ఇలా ఉండదు. తాతల నాటి ఇంట్లో ఉన్న దూలాన్నే ఇటు తిప్పి గుమ్మం చేసుకున్నచోట ఉంటుంది.

రెటీనాకు వస్తే ఈ పాత ఇంటి సర్దుబాటు మరీ తేటతెల్లం. చదువుతున్నవాళ్లు ఇప్పుడే పరీక్షించుకోవచ్చు. తెల్ల కాగితం మీద ఎనిమిది సెంటీమీటర్ల ఎడంగా రెండు కందిగింజలు పెట్టండి. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో ఎడమవైపు గింజనే చూస్తూ ఉండండి. మొహం అడుగు దూరంలో పెట్టి కాస్త ముందుకీ వెనక్కీ జరిగితే ఒకచోట కుడివైపు గింజ మాయమవుతుంది. అక్కడ మీకు కన్ను లేదు. వెలుతురును పట్టే రాడ్, కోన్ కణాలు మన రెటీనాలో వెనక వరసన, వెలుతురుకు వీపు పెట్టి ఉంటాయి. వాటి కబురు మోసే నరాలు, రక్తనాళాలు ముందు పరుచుకుని ఉంటాయి. పది లక్షలకు పైగా ఉన్న ఆ నరాల పోగులు మెదడుకు వెళ్లాలంటే రెటీనాను చీల్చుకుని బయటికి పోవాలి. పోయేచోట చూపు కణాలకు తావు లేదు. గింజ మాయమైన గుడ్డిచుక్క అదే. ఆక్టోపస్ కంట్లో ఇది తిరగబడి ఉంటుంది. కణాలు ముందు, నరాలు వెనక. దానికి గుడ్డిచుక్క లేదు.

మన కంటి ఏర్పాటును సమర్థించేవాళ్లకూ జవాబుంది, అదీ నిజమే. రాడ్, కోన్ కణాలకు తిండి ఎక్కువ కావాలి. అరిగిన తమ కొనలను రోజూ రాలుస్తుంటాయి. వెనకున్న పిగ్మెంట్ పొర ఆ చెత్తను మింగి, దాని వెనకున్న రక్తనాళాల పొర నుంచి పోషణ అందిస్తుంది. కాబట్టి కణాలు వెనక ఉండటంలో లాభం ఉంది. ముందున్న పొరల గుండా వెలుతురును ముల్లర్ కణాలు చక్కగా లోపలికి చేరవేస్తాయని 2007లో జర్మనీ శాస్త్రవేత్తలు చూపించారు. గడియారం అప్పుడప్పుడు తప్పు టైము చూపించినంత మాత్రాన చేసినవాడు లేడని అర్థం కాదు కదా అని పేలీ కూడా ముందే అన్నాడు. అందుకే కంట్లో లోపాలున్నాయి కాబట్టి దేవుడు లేడు అనే మాటకూ నేను ఒప్పుకోను. రెండు పక్షాలవాళ్లూ కంటిని పనివాడి నేర్పు కొలిచే బద్దలా వాడుతున్నారు. నా అనుభవంలో కన్ను చెప్పేది చరిత్ర. రెటీనా ఊడినప్పుడు చూపు కణాల పొరకూ, పిగ్మెంట్ పొరకూ మధ్య నీరు చేరి విడిపోతుంది. ఎప్పుడూ అక్కడే ఎందుకు విడిపోవాలి? పిండం దశలో మెదడు నుంచి ఒక బుడగ ముందుకు పొంగి, తనలోకి తాను మడత పడి గిన్నెలా తయారవుతుంది. ఆ మడతలోని రెండు పొరలే ఇవి. మధ్యనున్న ఖాళీ మూసుకుపోతుంది గానీ అతుక్కుపోదు. మనిషి రూపు దిద్దుకున్న తొలి వారాల నాటి సందులోకి అరవయ్యో ఏట నీరు దిగుతోంది. ఏ దారిన వచ్చిందో తెలియకపోతే ఈ జబ్బే అర్థం కాదు.

మేము రోజూ రెటీనా చూసే ఆప్తాల్మోస్కోప్‌ను 1851లో లోకానికిచ్చిన జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్స్, కంటిలోని లోపాలన్నీ లెక్కగట్టి, ఇలాంటి పరికరాన్ని ఎవరైనా తనకు అమ్మితే నాలుగు చీవాట్లు పెట్టి తిప్పి పంపేవాణ్ణని ఒక ఉపన్యాసంలో అన్నాడు. అన్నవాడే, మనిషి అవసరానికి ఆ కన్ను ఎంత బాగా సరిపోయిందో కూడా వివరించాడు.

డార్విన్ కేంబ్రిడ్జిలో పేలీని ఇష్టంగా చదివాడు. 1859 నాటి తన పుస్తకంలో, కన్నులాంటిది ప్రకృతి వరణం వల్ల ఏర్పడిందనడం వినడానికి అసంబద్ధంగానే ఉంటుందని ఒప్పుకున్నాడు. ఆ వాక్యం దగ్గర ఆగిపోయి, చూశారా డార్వినే ఒప్పుకున్నాడు అనేవాళ్లున్నారు. తర్వాతి వాక్యాలు కూడా చదవాలి. పని చేసే కళ్లు మెట్టు మెట్టుగా దొరికితే, ప్రతి మెట్టూ ఆ ప్రాణికి ఉపయోగపడితే ఇబ్బంది లేదన్నాడు. ఆ మెట్లన్నీ ఈనాటికీ బతికే ఉన్నాయి. వెలుగు చీకట్లు మాత్రమే తెలిసే చుక్క, వెలుతురు ఏ వైపునుంచి వస్తోందో తెలిసే ప్లనేరియా పురుగు గుంట, లెన్స్ లేని నాటిలస్ సూదిబెజ్జం కన్ను, ఆపైన లెన్స్ ఉన్న చేప కన్ను. సగం కన్ను దేనికి పనికొస్తుంది అని అడుగుతారు. కంటి డాక్టరును అడగండి. శుక్లం ముదిరి వెలుగు నీడ మాత్రమే తెలిసే ముసలాయన ఆ కాస్త వెలుగుతోనే గోడ పట్టుకోకుండా పెరట్లోకి నడిచి వెళతాడు. దాన్ని కూడా పోగొట్టుకున్న గ్లకోమా రోగిని పక్కన నిలబెడితే ఆ కాస్తకున్న విలువ తెలుస్తుంది. చదునైన చర్మం తునక నుంచి చేప కన్ను దాకా రావడానికి ఎంత కాలం పడుతుందో స్వీడన్‌కు చెందిన నిల్సన్, పెల్గెర్ 1994లో లెక్కవేశారు. కావాలనే నెమ్మదిగా వేసిన లెక్కలో కూడా నాలుగు లక్షల తరాల లోపే తేలింది.

ఇక మన దేశం సంగతి. మా ఊళ్లో సంస్కృత కళాశాలలో తర్కం చెప్పి రిటైరైన మేష్టారొకరు రెండు కళ్లకూ నా దగ్గరే ఆపరేషన్ చేయించుకున్నారు. చుక్కల మందు వేసి పాప పెద్దదయ్యేదాకా కూర్చోబెట్టినప్పుడల్లా ఆయనతో మాటలు సాగేవి. ఒకసారి పేలీ గురించి చెబితే నవ్వి, "డాక్టరు గారూ, మీ పేలీకి ఎనిమిది వందల ఏళ్ల ముందే మన ఉదయనాచార్యుడు ఇదే వాదంతో న్యాయకుసుమాంజలి రాశాడండీ. మన తెలుగువాడు అన్నంభట్టు తర్కసంగ్రహ దీపికలో కూడా ఆ అనుమానం ఉంది. పిల్లలకు ఎన్నేళ్లు చెప్పానో" అన్నారు.

"అయితే కంటి గురించి ఏమన్నారండీ మేష్టారూ?"

"కన్ను దాకా పోనక్కర్లేదు. కుండ ఒక కార్యం, దానికి కర్త కుమ్మరి. మొలక కూడా కార్యమే, నేల కూడా కార్యమే. వాటికీ కర్త ఉండాలి. ఇంతే."

ఆలోచిస్తే ఇది పేలీ వాదం కంటే పెద్ద గాలం. పేలీ రాయిని పక్కన పెట్టి గడియారం పట్టుకున్నాడు. ఉదయనుడిలాంటి న్యాయశాస్త్రం వాడు, అంటే నైయాయికుడు, రాయిని కూడా వదలడు, అవయవాలున్న ప్రతి వస్తువూ ఎవరో చేసిందే అంటాడు. దీనికి దెబ్బ ఎవరు కొట్టారని అడిగాను. మేష్టారు ఉత్సాహంగా ముందుకు వంగారు. ఏడో శతాబ్దపు బౌద్ధుడు ధర్మకీర్తి పుట్టను ఉదాహరణగా తెచ్చాడట. కుండ మట్టిదే, పుట్టా మట్టిదే, రెండింటికీ ఆకారం ఉంది. కుమ్మరి కుండ చేయడం మనం చూశాం కాబట్టి కుండను చూసి కుమ్మరిని ఊహిస్తే తప్పులేదు. పైపై పోలికతోనే తేల్చేసేటట్లయితే పుట్టను కూడా కుమ్మరే చేశాడనాలి. నాకు ఆ ఉదాహరణ ఇంకో కారణానికి నచ్చింది. పుట్టను కట్టేది చెదలు. ఏ చెదపురుగు తలలోనూ పుట్ట నక్షా ఉండదు. అయినా లోపల గాలి ఆడే దారులతో సహా పుట్ట లేస్తుంది.

అంతకంటే నన్ను కదిలించింది రామానుజుల మాట. దేవుడి మీద ఆయనకున్న భక్తిని శంకించేవాడెవడూ లేడు. అలాంటివారు శ్రీభాష్యంలో, ఈశ్వరుణ్ణి అనుమాన ప్రమాణంతో, అంటే తర్కంతో ఊహించి సాధించలేమని, శాస్త్రమే ఆధారమని తేల్చి చెప్పారు. కుమ్మరితో పోల్చుకుంటూ పోతే, లోకాన్ని ఒకడే చేశాడని ఎలా అంటావు, పలువురు కలిసి వేర్వేరు కాలాల్లో చేసి ఉండవచ్చుగా? కుమ్మరికి ఒళ్లుంది, అవసరాలున్నాయి, మరి సృష్టికర్తకూ అవి అంటగడతావా? ఆరు వందల ఏళ్లు దాటాక స్కాట్లాండ్‌లో డేవిడ్ హ్యూమ్ ఇదే అడిగాడు. ఆయన చనిపోయాక 1779లో అచ్చయిన 'డైలాగ్స్'లో ఫైలో అనే పాత్ర, ఓడను చూసి వడ్రంగిని మెచ్చుకుంటాం గానీ ఆ వడ్రంగి తరతరాల తప్పుల మీద నేర్చుకున్న పనిని అనుకరించినవాడే కావచ్చునంటాడు. ఈ లోకం ఎన్నో చెడిపోయిన లోకాల తర్వాత కుదిరింది కావచ్చు, దేవుళ్లు చాలామంది కావచ్చు అంటాడు. హ్యూమ్ సందేహవాది, రామానుజులు పరమ భక్తులు. ఇద్దరూ ఒకే బలహీనతను పట్టుకున్నారు. భక్తుడికి దీనితో వచ్చిన నష్టం ఏమీ లేదనడానికి రామానుజుల కంటే ఏం కావాలి?

తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. 1996లో అమెరికాలో మైకేల్ బీహీ, వెలుతురు పడగానే కంటి కణంలో జరిగే రసాయన చర్యల గొలుసును చూపించి, ఇంత చిక్కటి యంత్రం మెట్లు మెట్లుగా రాదన్నాడు. పెన్సిల్వేనియాలోని డోవర్ బడుల్లో ఆ ధోరణిని సైన్సుగా పరిచయం చేయబోతే 2005లో కోర్టు అది సైన్సు కాదని తీర్పు చెప్పింది. బీహీ కంటే ముందే, 1995లో స్విట్జర్లాండ్‌లో గేరింగ్ బృందం ఎలుక కంటి జన్యువును ఈగలో పనిచేయిస్తే ఈగ కాలి మీద, రెక్క మీద ఈగ కన్నే మొలిచింది. అదే జన్యువు, పాక్స్-6, మనిషిలో ఒక ప్రతి చెడితే బిడ్డ ఐరిస్ లేకుండా పుడుతుంది. అలాంటి పిల్లలను నేను చూస్తుంటాను, ఎండకు కళ్లు తెరవలేక తల్లి భుజంలో మొహం దాచుకుంటారు. ఈగకూ వాళ్లకూ ఉన్న ఆ చుట్టరికాన్ని ఏ గడియారం ఉపమానమూ నాకు వివరించలేదు.

నాకు ఈ గొడవ గ్రంథాల్లోనే ఉండిపోయేది, పుట్టుశుక్లాలతో పిల్లలను ఎత్తుకొచ్చే తల్లులు లేకపోతే. ఒకమ్మాయి గుర్తుంది, ఇరవై ఏళ్లు నిండాయో లేదో. ఒళ్లో బిడ్డకు మూడు నెలలు. రెండు పాపల్లోనూ తెలుపు. టార్చి వేస్తే కన్ను వెలుతురు వైపు తిరగలేదు. వెంటవచ్చిన అత్తగారు గ్రహణం నాడు బయట తిరిగిందనీ, చెబితే వినలేదనీ నాతో చెబుతోంది. ఆ అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. అత్తగారు చీటీ కోసం బయటికి వెళ్లాక అడిగింది: "అందరికీ చక్కగా కళ్లు చేసినవాడు నా బిడ్డకే ఇట్టా ఎందుకు చేశాడు సార్? నేనేం పాపం చేశాను?"

దేవుడు కన్ను చేశాడని రోజూ మెచ్చుకుంటూ వినిపించే మాటే ఇది, తల్లి నోట తిరగబడింది అంతే. పనితనం ఆయనదైతే పాడైన పనీ ఆయనదే. ఆయన తప్పు చేయడు కాబట్టి తప్పు తల్లి నెత్తిన పడుతుంది. ఎవరి కోసం, ఏ దయతో ఇంత దుఃఖమున్న లోకాన్ని చేస్తాడని మీమాంసకుడు కుమారిలభట్టు ఎన్నడో అడిగాడు. పరాన్నభుక్కులైన ఒక రకం కందిరీగలు బతికున్న గొంగళిపురుగుల లోపల పెరగడం చూసి డార్విన్ కూడా అదే బాధతో మిత్రుడికి ఉత్తరం రాశాడు. వాళ్లది వాదం. ఆ అమ్మాయిది వాదం కాదు.

"నువ్వేమీ చేయలేదమ్మా. దేవుడూ చేయలేదు" అని చెప్పాను. కడుపుతో ఉన్న మొదటి నెలల్లో రుబెల్లా జ్వరం సోకితే బిడ్డకు శుక్లం రావచ్చు. తల్లికి ఒంటి మీద కాస్త దద్దురు తప్ప ఏమీ తెలియకపోవచ్చు. కొన్ని వంశపారంపర్యంగా వస్తాయి, వాటిలో కొన్నింటికి మేనరికాల్లో అవకాశం పెరుగుతుంది. గెలాక్టోసీమియాలాంటి లోపాల వల్ల కొన్ని వస్తాయి. చాలాసార్లు కారణం దొరకదు. దొరకనంత మాత్రాన అది శిక్ష అయిపోదు. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదని అత్తగారిని కూడా కూర్చోబెట్టి చెప్పాను. బిడ్డకు రెండు కళ్లకూ ఆపరేషన్ చేశాం. కొంత చూపు వచ్చింది. రెండో నెలలోపు తెచ్చి ఉంటే ఇంకా బాగా వచ్చేది. మొక్కులు తీర్చుకుంటే తగ్గుతుందేమోనని ఇంట్లో వాళ్లు ఆగారు. మెదడు చూడటం నేర్చుకునేది ఆ తొలి నెలల్లోనే. ఆ గడువు దాటాక ఎంత తేటగా పొర తీసినా మెదడు పూర్తిగా అందుకోలేదు.

అందుకే ఇది చదివినవాళ్లకు నా విన్నపం. పసిబిడ్డ నల్లగుడ్డు మధ్యలో తెల్లగా కనపడినా, ఫ్లాష్‌తో తీసిన ఫోటోలో ఒక కన్ను ఎర్రగా ఇంకోటి తెల్లగా మెరిసినా, మూడో నెల వచ్చినా మొహాన్ని గుర్తుపట్టి చూడకపోయినా, కళ్లు నిలవకుండా అదురుతున్నా ఆ వారంలోనే కంటి డాక్టరుకు చూపించండి. అది శుక్లం కావచ్చు, రెటినోబ్లాస్టోమా అనే క్యాన్సర్ కూడా కావచ్చు. ఒక్క కంట్లోనే దట్టమైన శుక్లం ఉంటే ఆరు వారాల లోపు, రెండు కళ్లలో ఉంటే రెండు నెలల లోపు ఆపరేషన్ జరగడం మంచిది. 2017 నుంచి దేశంలో ఇస్తున్న తట్టు-రుబెల్లా టీకాను తొమ్మిదో నెల నిండాక ఒకసారి, ఏడాదిన్నర వయసులో ఇంకోసారి ఆడా మగా తేడా లేకుండా పిల్లలందరికీ వేయించండి. మొక్కు ఉంటే తీర్చుకోండి, ఆస్పత్రి నుంచి వచ్చాక.